కల్లు ముంత మీది ఈగ చెప్పే సాక్ష్యము



సోమరికి బుద్ధి చెప్పవలసి వచ్చినప్పుడు సొలొమోను అతనిని చీమ యొద్దకు పంపించాడు. త్రాగుడు విషయములో ఈ నెల మేము మిమ్మును ఇంకా చిన్న జీవుల యొద్దకు తీసుకొని వెళ్ళదలచాము. కల్లు ముంత చుట్టూ, బాగా మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే సన్నని ఈగలను మీరందరు ఎరుగుదురు. ఆ ఈగను, దానికంటె చిన్నదైన ఒక పురుగును, మన ఇండ్లలో తిరిగే ఎలుకకు బంధువైన తెల్ల ఎలుకను శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పరిశీలించారు. మద్యము ఒక శరీరమును ఏ విధముగా పట్టుకొంటుందో, ఎందుకు వదలదో వాటి ద్వారా కొంత తెలిసికొన్నారు.

ఈ సంగతులు మన ఇండ్లకు ఎందుకు? మన ఊళ్ళలో త్రాగుబోతును గురించి సాధారణముగా రెండు మాటలే వింటాము. "వానికి సిగ్గు లేదు" అనేది ఒకటి. "వానికి గాలి పట్టింది" అనేది రెండవది. ఈ రెండింటి మధ్య డాక్టరు దగ్గరకు వెళ్ళే దారి మూసుకొని పోతున్నది. ఢిల్లీ ఎయిమ్స్ వారు కేంద్ర ప్రభుత్వము కొరకు చేసి, 2019లో వెలువరించిన సర్వే ప్రకారము మన దేశములో సుమారు 16 కోట్ల మంది మద్యము త్రాగుతున్నారు. వారిలో 5.7 కోట్ల మందికి సహాయము కావలసి ఉన్నది. త్రాగుడుకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందినదని ఆ సర్వే తేల్చింది.

ఒక మిల్లీమీటరు పురుగు

మా పోచారము నుండి సికింద్రాబాదు వెళ్ళే బస్సు నారపల్లి, బోడుప్పల్, ఉప్పల్ దాటి హబ్సిగూడ చేరే చోట రోడ్డు ప్రక్కన సి.సి.ఎం.బి. కనబడుతుంది. డాక్టర్ పుష్ప మిత్ర భార్గవ గారి ఆధ్వర్యములో 1977లో ఆరంభమైన పరిశోధనాలయము అది. మనము చెప్పుకొన్న పండ్ల ఈగలను అక్కడ సీసాలలో పెంచి, కణములో డి.ఎన్.ఏ. ఏ విధముగా మడతపడి ఉంటుందో, జన్యువులు ఎప్పుడు పని చేస్తాయో పరిశోధించారు. ఆ పని త్రాగుడు మీద కాదు. అయితే దాని పునాది మాత్రము ఒక్కటే: ఈగ కణములో జరిగే పనులు చాలా వరకు మనిషి కణములో కూడ జరుగుతాయి. మనుష్యుల వ్యాధులతో సంబంధమున్న జన్యువులలో సుమారు 75 శాతమునకు ఈగలో పోలిక గలవి ఉన్నాయి. ఈ పునాది మీదనే ఇతర దేశములలో మద్యమును గురించిన పరీక్షలు జరిగాయి.

మొదట అన్నిటికంటె చిన్నదానిని చూద్దాము. సి. ఎలెగాన్స్ అనే పురుగు మట్టిలో బ్రతుకుతుంది. పొడవు ఒక మిల్లీమీటరు. దాని శరీరమంతటిలో నరకణములు 302 మాత్రమే. మనిషి మెదడులో అవి సుమారు 8,600 కోట్లు. మూడు నాలుగు రోజులలోనే పెద్దదై గ్రుడ్లు పెడుతుంది గనుక ఎన్నో తరములను ఒక చిన్న పళ్ళెములో చూడవచ్చును. మద్యము కలిపిన పళ్ళెములో వేస్తే దాని కదలిక మందగిస్తుంది, గ్రుడ్లు పెట్టుట తగ్గిపోతుంది.

2003లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో స్టీవెన్ మెకింటైర్ బృందము, మద్యములో వేసినా మత్తెక్కని పురుగుల కొరకు వెదికింది. దొరికిన వాటిలో బాగా తట్టుకొన్న వాటన్నిటిలో ఒకే జన్యువు చెడిపోయి ఉన్నది. దాని పేరు స్లో-1. అది నరకణము గోడలో ఒక చిన్న తలుపును కట్టే జన్యువు. ఆ తలుపు గుండా పొటాషియం బయటకు పోతుంది. మద్యము వచ్చి ఆ తలుపును తెరుస్తుంది. అప్పుడు నరము మందగిస్తుంది. తలుపు లేని పురుగుకు మత్తెక్కలేదు. అటువంటి తలుపులే మన నరములలో కూడ ఉన్నాయి.

2010లో ఇంగ్లాండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయము వారు మరొక సంగతి చూచారు. చాలా గంటలు మద్యములో ఉన్న పురుగులను తీసి మామూలు పళ్ళెములో వేస్తే, అవి తమ పని సరిగా చేసికొనలేకపోయాయి. కొద్దిపాటి మద్యము తగలగానే కుదుటపడ్డాయి. తెల్లవారగానే చేతులు వణికే మనిషిని, ఒక్క గుక్క పడగానే ఆ వణుకు ఆగిపోవుటను చూచిన ఇల్లాలికి ఇది క్రొత్త సంగతి కాదు. ఆ పురుగుకు చెడు స్నేహములు లేవు. జీతపు డబ్బు లేదు. దానికి గాలి సోకలేదు. అలవాటు పడిన నరము, అలవాటైన మద్యము లేకపోతే ఏమవుతుందో అది చూపింది, అంతే.

ఈగ అలవాటు

పండ్ల ఈగ మెదడు గసగస గింజ కంటె చిన్నది. అయినను మద్యపు ఆవిరి తగిలినప్పుడు అది చేసే పనులు చూస్తే నవ్వు, దుఃఖము రెండూ వస్తాయి. మొదట ఊరికే పరుగులు పెడుతుంది. తరువాత తూలుతుంది. చివరకు వెల్లకిల పడిపోతుంది. లోపల వాలుగా అరలు ఉన్న ఒక పొడవాటి గాజు గొట్టములో ఈగలను వదలి, ఆవిరి పట్టించి, ఏది ఎంత సేపటికి జారి క్రిందకు వస్తుందో లెక్కించారు. త్వరగా పడిపోయే ఒక రకము ఈగలను 1998లో ఉల్రికె హెబర్లీన్ అనే శాస్త్రజ్ఞురాలి బృందము వివరించింది. ఒక్క జన్యువులోని తేడా వలన అవి త్వరగా పడిపోయాయి.

ఇంకొక విశేషము. ఒకసారి మత్తెక్కి తేరుకొన్న ఈగ, రెండవసారి పడిపోవుటకు ఎక్కువ సేపు పడుతుంది. మన పెండ్లి పందిళ్ళలో "మావాడు ఎంత పట్టించినా తూలడు" అని గొప్పగా చెప్పుకొంటారు. అది బలము కాదు, సహోదరులారా. మెదడు అప్పుడే మద్యమునకు చోటిచ్చి సర్దుకొన్నదన్న గుర్తు.

2009లో అనితా దేవినేని, హెబర్లీన్ కలిసి ఈగలకు రెండు రకముల ఆహారము పెట్టారు: మద్యము కలిసినది, కలియనిది. రోజులు గడిచేకొలది ఈగలు మద్యమున్న ఆహారమునే ఎక్కువగా కోరాయి. అందులో చేదు కలిపినను మానలేదు. కొన్నాళ్ళు మద్యము లేకుండ చేసి మరల పెడితే, మొదటి నుండి మెల్లగా అలవాటు కాలేదు. విడిచిన చోటనే తిరిగి పట్టుకొన్నాయి. సామెతల గ్రంథము 23వ అధ్యాయము చివర దెబ్బలు తిని కూడ మేలుకొనగానే మరల మద్యమునే వెదకే మనిషి కనబడతాడు. ఆ మనిషి మన వీధిలో ఉన్నాడు. ఒక సీసాలోని ఈగలో కూడ అతని పోలిక ఉన్నది.

2012లో వచ్చిన ఒక పరిశోధన సంసారులందరు వినదగినది. ఆడ ఈగలు దగ్గరకు రానివ్వక త్రోసివేసిన మగ ఈగలు, జత కూడిన వాటికంటె ఎక్కువ మద్యము త్రాగాయి. త్రోసివేయబడిన ఈగల మెదడులో న్యూరోపెప్టైడ్ ఎఫ్ అనే రసాయనము తగ్గి ఉన్నది. దానిని పని చేయించినప్పుడు త్రాగుట తగ్గింది. ఒంటరితనము, అవమానము కూడ రసాయనముగా మారి మెదడులో కూర్చుంటాయని దీనివలన తెలుస్తున్నది. ఇది భార్యల మీద నింద మోపుటకు కాదు. త్రాగేవాని ఇంట్లో దెబ్బలు తినేది, ఆకలితో పడుకొనేది వారే. ఊరంతా వెలివేసినట్లు చూచిన మనిషి మరల ఆ దుకాణమునకే ఎందుకు చేరుతాడో అర్థము చేసికొనుటకు చెబుతున్నాము.

అందరు ఎందుకు బానిసలు కారు?

"మా అన్నదమ్ములు నలుగురూ త్రాగారు, పాడైనవాడు ఒక్కడే" అని కొందరంటారు. దీనికి ఎలుకలు కొంత జవాబు చెప్పాయి. 2018లో స్వీడన్ దేశములో ఎరిక్ ఓజియే, మార్కుస్ హైలిగ్ అనువారి బృందము మద్యము అలవాటైన ఎలుకల ముందు మద్యమును, తీపి నీటిని పెట్టి, ఒకటే ఎంచుకొనే వీలిచ్చింది. చాలా ఎలుకలు తీపి నీటికి వెళ్ళాయి. సుమారు 15 శాతము మాత్రము మద్యమునే ఎంచుకొన్నాయి. పాదములకు చిన్న షాకు తగిలినను విడువలేదు. వాటి మెదడులో భయమునకు, కలతకు సంబంధించిన భాగములో ఒక ప్రోటీను తక్కువగా ఉన్నది. త్రాగుడుతో చనిపోయిన మనుష్యుల మెదడులను చూస్తే అదే భాగములో అదే లోపము కనబడింది.

కవలల మీద జరిగిన అధ్యయనముల ప్రకారము త్రాగుడుకు బానిస అయ్యే ప్రమాదములో సుమారు సగము వంశము నుండి వస్తుంది. మిగిలిన సగము ఇల్లు, ఊరు, స్నేహములు, దుఃఖములు, అందుబాటులో ఉన్న దుకాణము. కాబట్టి తండ్రి త్రాగుబోతు అయితే కుమారుడు తప్పక అట్లే అవుతాడని ఎవరు అనకూడదు. అయితే ఆ కుమారునికి మొదటి గ్లాసే ఇతరులకంటె ఎక్కువ ప్రమాదమని తల్లి అతనికి మెల్లగా, దాచకుండ చెప్పవలెను.

త్రాసు తల్లక్రిందులైనప్పుడు

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. మెదడులో నరములను నెమ్మదింపజేసే రసాయనము ఒకటి ఉన్నది, దాని పేరు గాబా. తొందరపెట్టే రసాయనము గ్లుటమేట్. కూరగాయల అంగడిలోని త్రాసు వలె ఈ రెండు సమముగా ఉంటాయి. మద్యము నెమ్మదింపజేసే తట్టలో బరువు వేస్తుంది. ప్రతిరోజు వేస్తూ ఉంటే, మెదడు సమము చేయుటకు రెండవ తట్టలో తానే బరువు పెంచుకొంటుంది. ఏండ్లు గడచిన తరువాత ఒక దినమున మద్యమును ఒక్కసారిగా తీసివేస్తే ఏమవుతుంది? రెండవ తట్ట ధభాలున క్రిందకు పడుతుంది.

అందువలననే ప్రతిరోజు అధికముగా త్రాగే మనిషి హఠాత్తుగా మానినప్పుడు, కొన్ని గంటలలోనే వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర లేకపోవుట మొదలవుతాయి. మొదటి రెండు దినములలో ఫిట్స్ రావచ్చును. రెండవ దినము నుండి నాలుగవ దినము లోపల కొందరికి మతి తప్పుతుంది. లేని పురుగులు గోడల మీద కనబడతాయి, లేని మనుష్యులతో మాట్లాడతారు. చికిత్స లేకపోతే ఇది ప్రాణము తీయగలదు.

నాచారములో ఒక ఫ్యాక్టరీలో పని చేసే సహోదరుడు క్రిస్మస్ ముందు వారము త్రాగుడు మానుతానని మాట ఇచ్చాడు. మూడవ రాత్రి అతడు మంచము మీద నుండి లేచి, గోడ మీద పాములున్నాయని కేకలు వేశాడు. అతని తల్లి మాకు కబురు పంపింది: "అయ్యగారూ, మావానికి గాలి పట్టింది, జల్ది రండ్రి." మేము వెళ్ళేసరికి ప్రక్కింటి నర్సు చెల్లెలు అతని నాడి చూస్తున్నది. "పెద్దమ్మా, ఇది గాలి గాదు. తాగుడు ఒక్కసారి ఆపినందుకు గిట్లయితది. ప్రార్థన దారిలో జేసుకుందాం, ముందైతే దవాఖానకు నడువుండ్రి" అన్నది. అట్లే చేశాము. అయిదు దినములకు అతడు తల్లిని గుర్తుపట్టి, ఆకలవుతున్నదని అడిగాడు. ఆ తరువాత అతడు రెండుసార్లు పడ్డాడు, రెండుసార్లు తిరిగి మందులకు వెళ్ళాడు. ఈ మాటలు అతని అనుమతితోనే వ్రాస్తున్నాము.

మన తెలంగాణ పల్లెలకు ఇంకొక హెచ్చరిక అవసరము. కల్తీ కల్లులో డైజిపామ్, అల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలుపుతారు. ఇవి కూడ త్రాసులోని నెమ్మదింపజేసే తట్టలోనే పడతాయి. 2015లో నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో కల్తీ మీద దాడులు జరిగి ఆ కల్లు ఒక్కసారిగా దొరకనప్పుడు, అనేకులు ఫిట్స్‌తో, పిచ్చి చేష్టలతో ఆసుపత్రులకు వచ్చారు. "కల్లే గదా" అని తేలికగా తీసికొనకూడదు.

కోళ్ళు, పావురములు ఇచ్చిన విటమిను

ఆసుపత్రిలో అటువంటి రోగికి మొదట ఇచ్చే వాటిలో బి-1 విటమిను ఒకటి. దాని పేరు థయమిన్. ఏండ్ల తరబడి త్రాగేవాని శరీరములో అది అడుగంటుతుంది. అది లేక మెదడు దెబ్బతిని జ్ఞాపకశక్తి పోతుంది. ఈ విటమిను కథ కూడ జంతువులతోనే మొదలైనది. 1890లలో జావా ద్వీపములో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డాక్టరు, పొట్టు తీసిన తెల్ల బియ్యము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవుట చూచాడు. మనుష్యులకు వచ్చే బెరిబెరికి అది పోలికగా ఉన్నది. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టిన రాబర్ట్ మెక్‌కారిసన్ పావురములకు, ఎలుకలకు లోపమున్న ఆహారము పెట్టి పరీక్షించాడు. ఆయన మొదలుపెట్టిన ఆ చిన్న గదియే 1958లో హైదరాబాదుకు వచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయినది. మన బస్సు హబ్సిగూడ దాటి తార్నాక చేరేటప్పుడు కనబడేది అదే.

త్రాగుడు కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ అనే మందుకు కూడ ఇటువంటి కథే ఉన్నది. 1980లో కోతులు దాని వలన తక్కువ మద్యము తీసికొన్నట్లు తెలిసింది. 1992లో మనుష్యులలో మంచి ఫలితములు వచ్చాయి. 1994లో అమెరికాలో త్రాగుడు చికిత్సకు అనుమతి పొందింది. మన దేశములో మానసిక వైద్యులు దానిని వ్రాసి ఇస్తారు.

ఇక్కడ తల్లులకు, భార్యలకు ఒక మాట. డైసల్ఫిరామ్ అనే బిళ్ళ వేసికొన్నవాడు త్రాగితే ముఖము ఎర్రబడి, వాంతులై, గుండె దడ పుడుతుంది. త్రాగేవానికి తెలియకుండ దీనిని కూరలో, చాయలో కలిపే వారున్నారు. దయచేసి అట్లు చేయకండి. రక్తపోటు పడిపోయి ప్రాణమునకు ముప్పు రావచ్చును. "తెలియకుండ ఆహారములో కలపండి" అని అమ్మే పొడులను కూడ నమ్మకండి. చికిత్స అతనికి తెలిసి, డాక్టరు చేతిలో జరుగవలెను.

ఈగ చెప్పలేనిది

ఈగ సాక్ష్యమునకు హద్దులున్నాయి. ఆందోళనను పెంచే ఒక రసాయనమును అడ్డుకొనే మందులు ఎలుకలలో త్రాగుటను తగ్గించాయి. మనుష్యులకు ఇచ్చినప్పుడు ఆ మేలు కనబడలేదు. సీసాలోని ఈగకు అప్పు లేదు, బడికి వెళ్ళే పాప లేదు. అది ఎవరినీ క్షమాపణ అడుగలేదు, ఎవరికీ మాట ఇవ్వలేదు. మనిషి ఇవన్నీ చేయగలడు గనుక బాధ్యత అతని మీద ఉన్నది. "నా మెదడే అంత" అని చెప్పి భార్యను కొట్టేవానికి ఈ పేజీలో ఏ సాకు దొరకదు.

ఈగలు కలిసికట్టుగా దుకాణమును మూయించలేవు కూడ. మనుష్యులు మూయించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు సారాను ఊరి నుండి తరిమారు. వారిలో వర్ధినేని రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చాయి. 1997లో ఆ నిషేధము సడలింది. చట్టము వచ్చి పోయింది; అలవాటు పడిన శరీరము మాత్రము ఇంటిలోనే ఉన్నది. దుకాణము మూసిన దినమున ఆ శరీరమునకు మందు కూడ కావలెను.

కాబట్టి మేము పెద్దలను, కుటుంబములను అడిగేది ఇది. ప్రతిరోజు అధికముగా త్రాగేవాడు మానుతానని ముందుకు వస్తే, సంతోషించి, అదే దినమున డాక్టరుకు చూపించండి. మొదటి నాలుగు రాత్రులు అతనిని ఒంటరిగా విడువకండి. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా 108కి ఫోన్ చేయండి. ప్రార్థించేవారు ప్రక్కన కూర్చొని ప్రార్థించవచ్చును, బండిని మాత్రము ఆపకండి. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నది. మా వైపు వారికి ఘట్‌కేసర్ దాటితే బీబీనగర్ ఎయిమ్స్ ఉన్నది. సలహా కొరకు 14446, 14416 అనే ఉచిత ఫోన్ నంబర్లు ఉన్నాయి. అతడు మరల పడితే, ముందు చేసిన ప్రమాణము అబద్ధమని తీర్పు చెప్పకండి. విడిచిన చోటనే తిరిగి పట్టుకొనుట ఆ రోగ లక్షణమని ఈగ చెప్పింది గదా. చికిత్సను కూడ విడిచిన చోట నుండే తిరిగి మొదలుపెట్టండి.

ఇంటిలో మాట్లాడుకొనుటకు

1. మన బంధువులలో త్రాగుడు మానలేక బాధపడుతున్నవారిని మనము ఏ పేరుతో పిలుస్తున్నాము? పిల్లలు ఆ మాట వింటున్నారా?

2. మన ఊరికి దగ్గరలో రాత్రి వేళ కూడ తెరచి ఉండే ఆసుపత్రి ఏది? ఆ నంబరు గోడ మీద వ్రాసి ఉన్నదా?

3. మానుతానన్న వాని ప్రక్కన మొదటి నాలుగు రాత్రులు కూర్చొనుటకు మన ఇంటి నుండి ఎవరు వెళ్ళగలరు?